ఇద్దరి పేరా వచ్చిన ఉత్తరాలు

ఆరు ఉత్తరాలు కావాలట,
ఒకే చిరునామాకి, ఇద్దరి పేరా వచ్చినవి.
నీళ్ల బిల్లు ఉంది. కౌన్సిల్ పన్ను కాగితం ఉంది.
పళ్ల డాక్టరు రాసిన చీటీ ఉంది,
మీ ఇద్దరి దంతాలూ చూసి ఏడాదైంది, ఓసారి రమ్మని.
బ్యాంకువి రెండు.
ఆరోది గ్యాసువాళ్లది. అందులో నా పేరు తప్పు.

గ్రిమ్స్‌బీలో వాన పైనుంచి పడదు.
పక్కనుంచి వస్తుంది, అప్పిచ్చినవాడిలా.
మొదటి నెలలోనే మూడు గొడుగులు విరిగాయి.
నాలుగోది కొనలేదు.

బస్సు డ్రైవరు చిల్లర చేతిలో పెడుతూ
"లవ్" అన్నాడు నన్ను.
వెనకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.
చేపల కొట్లో ఆవిడా అంది.
పోస్టాఫీసు గాజు వెనక ముసలాయనా అన్నాడు.
ఉప్పూ వెనిగరూ చల్లినట్టు
ఊరంతా ఇంత ధారాళంగా చల్లే ఆ మాటకే
నేను ఆధారాలు జతచేయాలి,
తేదీలవారీగా, పేజీ నంబర్లు వేసి.

ఏం రాయను వాళ్లకి?
విశాఖ హార్బర్లో ఒక క్రేను
ఎత్తిన చెయ్యి దించకుండా మొరాయించిందనీ,
దాన్ని దింపడానికి ఇతన్ని పిలిపించారనీ,
నాలుగు నెలలు పొద్దున్నే నా కాటా గది కిటికీ దగ్గర
గాజు గ్లాసు ఎక్కడ పట్టుకోవాలో తెలీక
గ్రీజు వేళ్లు మార్చి మార్చి టీ ఊదుకునేవాడనీ...
లారీల బరువు రాసేదాన్ని నేను.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు.
అతను వెళ్లిపోయిన వారం
ఆ లెక్క రెండుసార్లు తప్పాను.
దానికి రసీదు లేదు.

నెవిల్ తెలుగు నేర్చుకుంటున్నాడు.
అతని భాషలో "వుయ్" ఒక్కటే,
లోపల కూర్చున్నవాళ్లకీ గుమ్మంలో నిలబడ్డవాళ్లకీ.
ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం,
కలుపుకోకపోతే మేము, అని చెప్పాను.
స్పానర్ సైజులు గుర్తుపెట్టుకున్నట్టు తలూపాడు.
ఆదివారం ఫోన్లో మా అక్క సువర్చలతో
"మనం పెళ్లి చేసుకున్నాం" అన్నాడు, గట్టిగా.
అక్క నవ్వలేక ఫోను మంచమ్మీద పడేసింది.
"నాకు చెప్పనేలేదే" అని వెనకనుంచి బావ.

అదే అక్క మొన్న అంది,
"మా మేడకి రంగులేయించామే,
నువ్వొచ్చినప్పుడు చూద్దువుగాని."
మా.
వత్తి పలకలేదు. అన్నట్టు తనకి తెలీదు కూడా.
పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అది మన మేడ.
ఒక్క "న" ఎక్కడో జారిపోయింది,
నేను మెట్లమీద ఉండిపోయాను.
ఏం రంగే, అని అడిగాను.
లేత పసుపట.

ఇక్కడా సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు.
సామాను విప్పకుండా దొరికింది అదొక్కటే.
జూన్‌లో నాలుగున్నరకే తయారు,
డిసెంబర్లో ఎనిమిదైనా దుప్పటి తియ్యడు.
నీళ్లు మాత్రం చెప్పాపెట్టకుండా
కనుచూపు దాటి వెనక్కి పోతాయి.
బురదలో పడవ ఒక పక్కకి తిరిగి పడుకుంటుంది.
"వచ్చేస్తాయి, టైమ్‌టేబుల్ ఉంది" అంటాడు నెవిల్.
నిజంగానే ఉంది. ఫ్రిజ్ మీద అంటించాడు.

ఇప్పుడు గ్యాసువాళ్లతో ఫోన్లో ఉన్నాడు. నాలుగోసారి.
బిల్లులో నేను మిస్టర్ హిమవత్‌ని.
హిమవంతుడి కూతురు కదా హైమవతి,
ఈ కాగితం నన్ను నాకే తండ్రిని చేసింది.
రేవులో నేర్చిన రేడియో అక్షరాలతో
ఒక్కొక్కటే పేర్చి చెబుతున్నాడు,
హోటల్. ఆల్ఫా. ఇండియా. మైక్.
ఆల్ఫా. విక్టర్. ఆల్ఫా. టాంగో.
హోటల్. ఇండియా.

ముప్పై తొమ్మిదేళ్లు మోశాను ఈ పేరు,
లోపల రెండు హోటళ్లున్నాయని తెలీదు.
ఇండియాలూ రెండే.
ఒకటి మొదట్లోనే, ఒకటి చిట్టచివర.

అటునుంచి ఏదో అడిగారు.
అవును, ఇద్దరమూ ఇక్కడే ఉంటాం, అన్నాడు అతని భాషలో.
ఫోను అరచేత్తో మూసి
"మనమా? మేమా?" అన్నాడు నావైపు తిరిగి.

గ్యాసువాళ్లకైతే మేము, అన్నాను.

తలూపాడు.
ఇంకా లైన్లోనే ఉన్నాడు.
పాటేదో పెట్టి వెళ్లారట.